పెద్దవయసులో కళ్లు పొడిబారడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు పెద్దవాళ్లలో ఎంతమందికి కళ్లు పొడిబారతాయి?

ఉజ్జాయింపుగా, 65 దాటినవాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి. ఈ లెక్క అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, సాలిస్‌బరీ ప్రాంతంలో జరిగిన సర్వే నుంచి వచ్చింది. 1997లో దాని ఫలితాలు వెలువడ్డాయి. 65 ఏళ్లు, ఆపైన ఉన్న 2,520 మందిని అడిగితే 14.6 శాతం మంది మంట, గరగర, పొడిదనం, ఎరుపు లాంటి వాటిలో కనీసం ఒకటి తరచుగానో, ఎప్పుడూనో ఉంటోందని చెప్పారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బీవర్ డ్యామ్ ఊళ్లో ఇంకో పెద్ద సర్వే జరిగింది. అక్కడ 48 నుంచి 91 ఏళ్ల వాళ్లందరినీ కలిపి చూస్తే 14.4 శాతం. అందులోనే వయసుల వారీగా విడదీస్తే 60 లోపు వాళ్లలో 8.4 శాతం ఉన్నది, 80 దాటినవాళ్లలో 19 శాతానికి చేరింది. అంటే ఎనభై దాటాక దాదాపు ఐదుగురిలో ఒకరికి అన్నమాట.

ఇంత మామూలుగా కనిపించే సమస్య కాబట్టే ఇళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. "వయసైపోయింది కదా, కళ్లు మండక ఏమవుతాయి" అనేస్తారు. ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఆ మాటే. చాలామందికి ఉన్నంత మాత్రాన భరించాల్సిన అవసరం లేదు. పెద్దవాళ్ల కంటి ఇబ్బందుల్లో సులువుగా ఉపశమనం దొరికేవాటిలో ఇదొకటి.

ఒకచోట 5 శాతం అంటారు, ఇంకోచోట 30, మరోచోట 50. ఏది నమ్మాలి?

అన్నీ నిజమే కావచ్చు. ఎవరిని లెక్కపెట్టారు, దేన్ని జబ్బుగా లెక్కవేశారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. సాలిస్‌బరీ సర్వేనే చూడండి. బాధ ఉందని చెప్పినవాళ్లు 14.6 శాతం. బాధ ఉండటంతోపాటు కన్నీటిని కొలిచే కాగితం పరీక్షలో కూడా తక్కువ వచ్చినవాళ్లనే లెక్కేస్తే 2.2 శాతమే. మనుషులు వాళ్లే, ఊరూ అదే. డాక్టరు పేరు పెట్టి చెప్పినవాళ్లనే లెక్కించే సర్వేల్లో అంకె తగ్గుతుంది. పరీక్షల్లో తేడా కనిపించిన ప్రతివాళ్లనూ కలిపేసుకుంటే బాగా పెరుగుతుంది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రపంచం మొత్తం మీద జరిగిన అధ్యయనాలను చూసి 5 నుంచి 50 శాతం అని చెప్పడానికి కారణం ఇదే.

ఇలాంటి అంకె కనిపించినప్పుడు "ఎవరిని అడిగారు, ఏమని అడిగారు" అని ఒకసారి చూసుకుంటే చాలు.

మన దగ్గర సంగతేంటి?

మన దేశంలో తరచుగా కనిపించే అంకెలు ఆసుపత్రుల నుంచి వచ్చినవి. హైదరాబాద్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన దగ్గరికి వచ్చిన 14 లక్షలకు పైగా రోగుల కంప్యూటర్ రికార్డులను పరిశీలించి 2019లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో డ్రై ఐ, అంటే పొడి కన్ను, అని నిర్ధారణ అయినవాళ్లు సుమారు ఒకటిన్నర శాతం. ఉత్తర భారతంలో ఆసుపత్రికి వచ్చిన 15 వేలకు పైగా మందిని ప్రశ్నలడిగి చూసిన మరో అధ్యయనంలో, 2018లో, అది 32 శాతం. రెండింటికీ అంత తేడా ఎందుకంటే, మొదటిది డాక్టరు రాసిన నిర్ధారణ, రెండోది రోగి చెప్పిన బాధ.

మన ఊళ్లలో అరవై దాటినవాళ్లు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎక్కువగా శుక్లానికో, కళ్లజోడుకో. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో కూడా ప్రధానంగా చూసింది చూపునే. జోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి కానీ మంట తగ్గదు. అందుకే ఎవరైనా కళ్ల పరీక్షకు వెళ్లినప్పుడు "మంటగా ఉంటోంది, గరగరలాడుతోంది" అని నోరు విడిచి చెప్పాలి. అడగకపోతే చాలాసార్లు ఆ ప్రస్తావనే రాదు.

వయసు పెరిగితే కళ్లు ఎందుకు పొడిబారతాయి?

కంటి మీద ఎప్పుడూ ఉండే తడి ఉత్త నీరు కాదు. అడుగున నల్లగుడ్డుకు (డాక్టర్లు కార్నియా అనే ముందు పొరకు) అంటుకుని ఉండే జిగురు, దాని మీద నీరు, ఆ పైన పాల మీద మీగడలా పలుచటి నూనె పొర ఉంటాయి. నీరు కనుబొమ్మ కింద బయటి మూలన ఉండే కన్నీటి గ్రంథి నుంచి వస్తుంది. నూనె రెప్పల అంచుల్లో ఉండే సన్నటి గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్పలో ఇవి 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ నూనె కాస్త బయటికొచ్చి నీటి మీద పరుచుకుంటుంది. అది లేకపోతే నీరు ఇట్టే ఆరిపోతుంది.

వయసు మీద పడేకొద్దీ కన్నీటి గ్రంథి పని మందగిస్తుంది. నూనె గ్రంథుల మూతులు మూసుకుపోతాయి, లోపలి నూనె చిక్కబడి గట్టిపడుతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటే కొన్ని గ్రంథులు పూర్తిగా చచ్చుబడిపోతాయి. పెద్దవాళ్లలోనే కాదు, మొత్తం మీద కూడా ఎక్కువమందిలో కనిపించేది ఈ నూనె లోపమే. దానికి తోడు రెప్పలు వదులై సరిగా మూసుకోవు. పార్కిన్సన్స్ (ఒళ్లు వణికే, బిగుసుకుపోయే నరాల జబ్బు) ఉన్నవాళ్లలో రెప్పవేయడమే తగ్గిపోతుంది. షుగరు, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్నా ముప్పు పెరుగుతుంది.

టీవీ, ఫోనుల సంగతి పిల్లలకే వర్తిస్తుందనుకోవద్దు. మనిషి మామూలుగా నిమిషానికి ఓ 15 సార్లు రెప్ప వేస్తాడు. తదేకంగా తెరను చూసేటప్పుడు అది బాగా తగ్గిపోతుంది. సాయంత్రం నుంచి వరసగా సీరియళ్లు చూసే అమ్మమ్మకూ, ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చునే తాతయ్యకూ ఇది వర్తిస్తుంది.

ఆడవాళ్లకు ఎక్కువా?

అవును. అమెరికాలో 50 దాటిన ఆడవాళ్లలో 7.8 శాతం మందికి, అదే పద్ధతిలో లెక్కేసిన మగవాళ్లలో 4.3 శాతం మందికి ఇది ఉందని రెండు పెద్ద అధ్యయనాల్లో తేలింది. (ఇక్కడ డాక్టరు నిర్ధారించినవాళ్లను, తీవ్రమైన బాధ ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెట్టారు, అందుకే పై అంకెల కంటే తక్కువ.) నెలసరి ఆగాక శరీరంలో హార్మోన్లు మారడం ఒక కారణం. నూనె గ్రంథులు సరిగా పనిచేయడానికి ఆండ్రోజెన్ హార్మోన్లు (మగవాళ్లలో ఎక్కువగా, ఆడవాళ్లలో కొద్దిగా ఉండేవి) కావాలి, అవి ఆ వయసులో తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మాత్రలు వేసుకుంటే కళ్లు బాగుపడతాయేమో అని అడుగుతుంటారు. ఆ మాత్రలు వాడే ఆడవాళ్లలో పొడిదనం ఇంకా ఎక్కువగా కనిపించింది కాబట్టి కళ్ల కోసమని అవి మొదలుపెట్టకండి.

కట్టెల పొయ్యి పొగలో దశాబ్దాలపాటు వంటచేసినవాళ్లకు ఆ పొగ కూడా కంటి పైపొరను రేపుతుంది.

కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతుంటే "కళ్లు పొడిబారాయి" అంటారేంటి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది, నమ్మలేకపోయేది ఇదే. కంటి మీద మామూలుగా ఉండాల్సిన తడి పొర చెదిరిపోతే నల్లగుడ్డు గాలికి బయటపడుతుంది. శరీరంలో అతి ఎక్కువ నరాలున్న చోట్లలో నల్లగుడ్డు ఒకటి. అది మంటపుట్టిందని కబురు పంపగానే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చేలాంటి నీళ్లే ఇవి కూడా. అందులో నూనె, జిగురు తగినంత ఉండవు. బుగ్గ మీదుగా జారిపోతాయే తప్ప కంటి మీద నిలవవు. ఐదు నిమిషాలకు మళ్లీ మంట.

బండి మీద వెనక కూర్చున్నప్పుడు, ఎదురుగాలి తగిలినప్పుడు, ఏసీ బస్సులో, ఫ్యాను కింద పేపరు చదివేటప్పుడు నీళ్లు కారుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే. కొంగుతోనో తువ్వాలుతోనో మాటిమాటికీ ఒత్తుకుంటూ ఉండటం వల్ల రెప్ప ఇంకా వదులవుతుంది. అయితే నీళ్లు కారే ప్రతి కన్నూ పొడి కన్ను కాదు. ముక్కులోకి నీరు వెళ్లే గొట్టం మూసుకుపోయినా అలాగే కారుతుంది. ముఖ్యంగా ఒక్క కంటిలోనే కారుతూ, కంటి మూలన నొక్కితే చీము వస్తుంటే అది వేరే సమస్య, దానికి వైద్యం వేరు.

ఇంకా ఏయే లక్షణాలుంటాయి?

ఇసుక పోసినట్టు గరగర, నలుసు పడ్డట్టు గుచ్చుకోవడం, సాయంత్రానికి కళ్లు బరువెక్కడం, తీగలాంటి పుసులు, వెలుతురు చూడలేకపోవడం. చూపు మసకబారి, రెండుసార్లు రెప్పలు ఆడిస్తే మళ్లీ తేటపడటం దీనికి మంచి గుర్తు. శుక్లం మసక అలా రెప్పవేస్తే పోదు. పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి రెప్పలు అంటుకుపోతుంటే నూనె గ్రంథుల వాపు కావచ్చు, పొద్దు గడిచేకొద్దీ పెరుగుతుంటే నీరు తక్కువై ఉండొచ్చు. ఇది గట్టి నియమం కాదు, డాక్టరుకు చెబితే మాత్రం పనికొస్తుంది.

పెద్దవయసులో నల్లగుడ్డు స్పర్శ తగ్గుతుంది. కాబట్టి కొందరికి లోపల బాగా దెబ్బతిన్నా పెద్దగా బాధ తెలియదు. "పేపరు చదవబుద్ధి కావడం లేదు", "టీవీ చూస్తే చికాకుగా ఉంది" అని మాత్రమే అంటారు.

వాడుతున్న మందుల వల్ల కూడా వస్తుందా?

వస్తుంది. అరవై దాటినవాళ్లున్న ఇళ్లలో మందుల డబ్బా ఎంత పెద్దదో మనకు తెలుసు. జలుబుకు, దురదకు వేసుకునే అలర్జీ మాత్రలు, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, డిప్రెషన్ మందులు, మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇచ్చే మాత్రలు, బీపీకి ఇచ్చే నీటి మాత్రలు... ఇవన్నీ కన్నీటిని తగ్గించగలవు. మూడు నాలుగు కలిస్తే ఇంకా ఎక్కువ. అలర్జీ మాత్ర మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకునేవాళ్లు ఆ ఒక్కటీ మానేస్తే తేడా కనిపించవచ్చు.

గ్లకోమా (కంటి నరం దెబ్బతిని మెల్లగా చూపు పోయే జబ్బు) చుక్కల మందులది ఇంకో సంగతి. వాటిలో చాలావాటికి చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కలుపుతారు. ఏళ్ల తరబడి రోజూ వేస్తుంటే అది కంటి పైపొరను దెబ్బతీస్తుంది. అలాగని సొంతంగా ఆపేయకూడదు, గ్లకోమాలో పోయిన చూపు తిరిగిరాదు. ప్రిజర్వేటివ్ లేని రకం రాయమని డాక్టరును అడగండి. మిగతా మందులైనా అంతే, డబ్బా మొత్తం పట్టుకెళ్లి చూపించి, దేన్ని మార్చవచ్చో వాళ్లనే తేల్చమనండి.

శుక్లం ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మరి ఈ మంటేంటి?

ఆపరేషన్‌లో నల్లగుడ్డు మీద చిన్న కోత పెడతారు. అక్కడి సన్నటి నరాలు కొన్ని తెగుతాయి. అవి మళ్లీ కుదురుకునేదాకా, అంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా, పొడిదనం ఉండటం మామూలే. ఆపరేషన్ తర్వాత వేసే చుక్కలు కూడా కొంత కారణం. ముందే పొడిబారిన కళ్లకైతే ఇది ఎక్కువగా తెలుస్తుంది.

పొడి కంటికి ఆపరేషన్‌కు ముందే వైద్యం చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కించేది నల్లగుడ్డు వంపును కొలిచే. పైన తడి పొర సమంగా లేకపోతే ఆ కొలత తప్పవచ్చు, లెక్క తప్పితే తర్వాత చూపు అనుకున్నంత స్పష్టంగా రాదు. శుక్లం మామూలుగా అంత తొందర పెట్టే జబ్బు కాదు కాబట్టి కొన్ని వారాలు ఆగినా నష్టం ఉండదు.

పరీక్షలు ఎలా చేస్తారు? నొప్పి ఉంటుందా?

నొప్పి ఉండదు, కాస్త చిరాకుగా ఉంటుంది అంతే. ఒకటి షిర్మర్ పరీక్ష. 35 మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి వడపోత కాగితం ముక్కను కొన దగ్గర మడిచి, కింది రెప్ప లోపల బయటి మూలకు దగ్గరగా తగిలిస్తారు. ఐదు నిమిషాలు అలా కూర్చోవాలి. తడి కాగితం మీద కిందికి పాకుతుంటుంది. ఐదు నిమిషాలకు తీసి ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. 10 కంటే తక్కువైతే అనుమానం, 5 కంటే తక్కువైతే కన్నీరు బాగా తగ్గినట్టే.

ఇంకోదాంట్లో పసుపురంగు మందు అంటించి, రెప్ప వేయకుండా ఉండమని, నీలం వెలుతురులో చూస్తారు. ఎన్ని సెకన్లకు ఆ పసుపు పొరలో నల్లటి మచ్చలు విచ్చుకుంటాయో లెక్కపెడతారు. 10 సెకన్ల లోపే విచ్చుకుంటే పొర నిలవడం లేదని అర్థం. ఆ తర్వాత రెప్ప అంచును వేలితో మెల్లగా నొక్కి నూనె ఎలా వస్తోందో చూస్తారు. తేటగా రావాలి. చిక్కగా, తెల్లగా వచ్చినా, అసలు రాకపోయినా సమస్య గ్రంథుల్లోనే ఉంది.

ఏ చుక్కలు వాడాలి?

మొదట కృత్రిమ కన్నీళ్లు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రోమెల్లోస్, సోడియం హైలురోనేట్ అని సీసాల మీద రాసి ఉంటుంది. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోవడం మంచిది. రాత్రి పడుకునేముందు జెల్ వాడొచ్చు. కాసేపు చూపు మసకగా ఉంటుంది కాబట్టి మంచం ఎక్కాకే వేసుకోండి, బాత్రూమ్‌కు వెళ్లి జారిపడే ప్రమాదం ఉండదు. మంట వచ్చినప్పుడే కాకుండా వేళకు వేసుకుంటేనే పనిచేస్తాయి.

వీటితో తగ్గకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తారు. లోపలి వాపును తగ్గించే మందు ఇది. మొదట్లో మండుతుంది, గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చాలామంది పదిహేను రోజులకే "పనిచేయడం లేదు" అని ఆపేస్తారు. నీరు బయటికి పోయే సన్నటి రంధ్రాలను చిన్న బిరడాతో మూయడం, తీవ్రంగా ఉన్నవాళ్లకు ప్రత్యేకమైన పెద్ద లెన్సులు కూడా ఉన్నాయి.

మెడికల్ షాపులో "కళ్లు ఎర్రగా ఉన్నాయి" అని అడిగితే ఇచ్చే చుక్కల విషయంలో జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది, నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లమూ ముదరవచ్చు.

చేతులు వణుకుతాయి, చుక్కలు వేసుకోవడం రాదు. ఎలా?

పడుకుని వేసుకోండి. చేతులు కడుక్కుని, ఒక చేత్తో కింది రెప్పను కొద్దిగా కిందికి లాగితే లోపల చిన్న సంచిలా ఏర్పడుతుంది. సీసా పట్టుకున్న చేతిని నుదుటి మీద ఆనించి, పైకి చూస్తూ ఒక్క చుక్క ఆ సంచిలో వేయండి. నల్లగుడ్డు మీద సూటిగా వేయక్కర్లేదు. కళ్లు మెల్లగా మూసుకుని ఒక నిమిషం ఉండండి. గట్టిగా బిగించకూడదు, నలపకూడదు. రెండో మందు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

సీసా మూతి కంటికి, రెప్పవెంట్రుకలకు, వేలికి తగలనివ్వకండి. తెరిచిన సీసాను మామూలుగా నెల రోజులకు మించి వాడకూడదు. తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాసుకోండి. ఇంట్లో ఇద్దరికి ఒకే సీసా వద్దు.

వేడి కాపడం పెడితే లాభమేనా?

నూనె గ్రంథులు మూసుకుపోయినవాళ్లకు ఇంతకంటే చౌకైన వైద్యం లేదు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లలో ముంచి పిండి, మూసిన కళ్ల మీద పెట్టాలి. చల్లారగానే మళ్లీ ముంచాలి. మొత్తం 5 నుంచి 10 నిమిషాలు. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, అంచు వైపుగా వేలితో మెల్లగా రాయాలి. వేడి ముందు ముంజేతి మీద చూసుకోండి, షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు వేరేవాళ్లు చూసిపెట్టాలి. రోజూ చేయాలి, వారాల తరబడి చేయాలి.

ఆముదం, తేనె, పన్నీరు, నందివర్ధనం పూల రసం వేయొచ్చా?

కంట్లో వద్దు. పెద్దల మాట మీద గౌరవం ఉండే చెబుతున్నాను. ఇంట్లోని తేనె, ఆముదం, పూల రసం సూక్ష్మక్రిములు లేకుండా తయారైనవి కావు. పొడిబారిన కంటి పైపొరకు ముందే సన్నటి గాట్లు ఉంటాయి, వాటిలోంచి క్రిములు లోపలికి పోతే పుండు పడుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగిలి చూపు పోవచ్చు. పొన్నగంటి కూర, మునగాకు, చేపలు తినండి. ఒంటికి మంచివే.

చేప నూనె మాత్రల గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 535 మంది మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా-3 తీసుకున్నవాళ్లకూ, ఆలివ్ నూనె మాత్రలు తీసుకున్నవాళ్లకూ తేడా కనిపించలేదు. పెన్షన్ డబ్బులు వాటికి పోయకండి.

అమ్మానాన్నలు అమెరికా వచ్చాక కళ్లు మండుతున్నాయంటున్నారు. ఎందుకు?

విమానంలోనే మొదలవుతుంది, లోపలి గాలిలో తేమ తరచుగా 20 శాతం కంటే తక్కువే ఉంటుంది. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి కూడా పొడిగా ఉంటుంది. తేమ పెంచే హ్యూమిడిఫయర్ వాళ్ల గదిలో పెట్టండి. హీటర్ గాలి ముఖం మీదికి రాకుండా మంచం జరపండి. బయలుదేరేటప్పుడే కృత్రిమ కన్నీళ్లు చేతిసంచిలో ఉంచండి. మన దగ్గరైనా రాత్రంతా ఫ్యాను నేరుగా ముఖానికి తగిలేలా పడుకోవడం మంచిది కాదు. రెప్పలు పూర్తిగా మూసుకోనివాళ్లకు పొద్దున్నే మంట రావడానికి చాలాసార్లు కారణం అదే.

కళ్లతోపాటు నోరు కూడా ఎండిపోతోంది. రెండింటికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. ముద్ద మింగాలంటే ప్రతిసారీ నీళ్లు తాగాల్సి రావడం, పళ్లు త్వరత్వరగా పుచ్చిపోవడం, కీళ్లనొప్పులు కూడా ఉంటే షోగ్రెన్స్ అనే వ్యాధి గురించి చూడాలి. శరీరం తన గ్రంథుల మీద తానే దాడి చేసుకునే జబ్బు ఇది, ఆడవాళ్లలో చాలా ఎక్కువ. కంటి డాక్టరుతోపాటు రుమటాలజిస్టును (కీళ్ల జబ్బుల డాక్టరును) కలవాలి, రక్తపరీక్షలు చేయించాలి.

దీనివల్ల చూపు పోతుందా? ఎప్పుడు పరుగెత్తాలి?

ఎక్కువమందికి పోదు. తీవ్రంగా ఉండి వైద్యం అందనివాళ్లలో నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంటుంది. ఉన్నట్టుండి చూపు తగ్గినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, వెలుతురు అసలు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా, కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు అవుతున్నా అది పొడిదనం అనుకుని చుక్కలు వేస్తూ కూర్చోవద్దు. రేపటిదాకా ఆగకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.